విద్యుదావేశ ప్రమాణములు – వాటి పరివర్తనము

మన పెద్దలు హైదరాబాదు రాజ్యములో రెండు రకముల నాణెములతో కాపురము చేసినారు. ఒకటి నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా, రెండవది బ్రిటిషు ఇండియా కల్దారు. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానము. కావున సరిహద్దు దాటి సరుకు కొనువాడు ధర వినగానే మొట్టమొదట అడుగు ప్రశ్న, "ఏ రూపాయలు?" అన్నదే. ఆ ప్రశ్న అడుగనివాడు మోసపోవుటకు ఎదుటివాడు మోసగాడు కానక్కరలేదు. సంఖ్య ఒకటే అయినను ప్రమాణము వేరగుట చాలును. నేటికిని నగల దుకాణములో తులమనగా 10 గ్రాములని వాడుక. పాత తులము 11.66 గ్రాములు. పేరు మారలేదు, బరువు మారినది.

విద్యుచ్ఛాస్త్రములో కూడ ఇట్టి చిక్కు ఒకటి కలదు. అది విద్యుదావేశమును కొలుచు ప్రమాణములకు సంబంధించినది. ఇంటర్మీడియేటు విద్యార్థులు దీనిని ఒక మార్కు ప్రశ్నగా భావించి, గుణకము కంఠస్థము చేసి, పరీక్ష ముగిసిన మరునాడు మరచిపోవుదురు. మేమును చాలకాలము అట్లే బోధించినాము. ఆ బోధనలోని లోపము మాకు తెలిసివచ్చినది తరగతి గదిలో కాదు, పాశమైలారములో. అందుచేతనే ఈ వ్యాసము.

హైదరాబాదు నుండి ముంబై పోవు రహదారిపై పటాన్‌చెరు దాటి, ఇస్నాపూరు వద్ద తిరిగినచో పాశమైలారము పారిశ్రామికవాడ వచ్చును. మా కళాశాల విడిచిన పిల్లలు పలువురు ఆ ప్రాంతపు కర్మాగారములలోనే పనికి కుదురుచున్నారు. అట్టివారిలో ఒక యువకుడు ఇనుప భాగములపై నికెలు పూత వేయు ఒక చిన్న కార్ఖానాలో చేరినాడు. మన ఇండ్లలో గిలిటు అనియు, ములామా అనియు పిలుచు పనికి ఇది పెద్ద రూపము. తొట్టిలో నికెలు లవణముల ద్రావణము ఉండును. పూత వేయవలసిన వస్తువును ఋణధ్రువముగా వ్రేలాడదీసి, రెక్టిఫయరు ద్వారా ఏకముఖ విద్యుత్తును పంపుదురు. పూత తళతళలాడుటకు ద్రావణములో ఒక రసాయనమును కొద్దికొద్దిగా కలుపుచుండవలెను. పనివారు దానిని బ్రైట్‌నర్ అందురు. తొట్టి గుండా ప్రవహించిన ఆవేశమునుబట్టి అది ఖర్చగును. కావున ఇంత ఆవేశమునకు ఇంత కలుపవలెనని డబ్బాపై వ్రాసియుండును. ఆ డబ్బాపై 10,000 ఆంపియర్-గంటలకు ఒక లీటరు అని ఉన్నది.

ఒకనాడు పాత మీటరు చెడిపోగా దాని స్థానములో క్రొత్త మీటరు బిగించినారు. తొట్టి 500 ఆంపియర్లపై నడుచుచున్నది. ఇరువది నిమిషములకు మీటరుపై 10,000 అని కనబడినది. మన యువకుడు ఒక లీటరు పోసినాడు. మరల ఇరువది నిమిషములకు మరల 10,000. మరల ఒక లీటరు. రెండు గంటలలో ఆరు లీటర్లు తొట్టిలో పడినవి. ఆ తరువాత వెలుపలికి తీసిన వస్తువులపై పూత అద్దము వలె మెరసినది గాని, కొంచెము వంచగానే పెళుసుగా విరిగి పెచ్చులుగా రాలినది. పని నిలిచిపోయినది. ద్రావణమును బొగ్గుపొడితో శుద్ధిచేసి వడకట్టవలసి వచ్చినది. యువకుని జీతములో కోత పడినది.

మేము విద్యార్థులతో కలిసి ఆ ప్రాంతమునకు వెళ్ళినపుడు అతడు మమ్ములను గుర్తుపట్టి ఈ సంగతి చెప్పినాడు. "సార్, డబ్బా మీద పదివేలని ఉన్నది, మీటరు మీద పదివేలని వచ్చింది. నేను ఎక్కడ తప్పు చేసిన?" అని అడిగినాడు. మేము మీటరు వద్దకు పోయి చూచినాము. అంకెల ప్రక్కన చిన్న అక్షరములలో ఆంపియర్-నిమిషములు అని గుర్తు ఉన్నది. డబ్బాపై గంటలు, మీటరుపై నిమిషములు. రెండు గంటలలో నిజముగా ప్రవహించినది 500 × 2 = 1,000 ఆంపియర్-గంటలు. దానికి కావలసినది పదవ వంతు లీటరు, అనగా 100 మిల్లీలీటర్లు. పడినది ఆరు లీటర్లు. సరిగా అరువది రెట్లు.

ఆ యువకుడు మా తరగతిలో చదివినవాడే. ఒక ఆంపియర్-గంట 3,600 కూలుంబులకు సమానమని పరీక్షలో సరిగానే వ్రాసియుండును. అయినను మీటరు ముందు నిలిచినపుడు ఆ జ్ఞానము అతనికి అక్కరకు రాలేదు. ఏలయనగా మేము అతనికి గుణకమును నేర్పినాము గాని, "ఏ రూపాయలు?" అని అడుగు అలవాటును నేర్పలేదు.

ఇక విషయమునకు వత్తము. పదార్థములోని ఎలక్ట్రానులకు ఋణావేశము, ప్రోటానులకు ధనావేశము కలవు. ఈ ఆవేశమును ఉర్దూలో బర్ఖీ బార్ అందురు. బార్ అనగా బరువు, భారము. తెలుగులో ఆవేశము అన్నాము. లోన ప్రవేశించి ఆక్రమించినది అని భావము. ఒక భాష దానిని మోతగా చూచినది, మరియొక భాష పూనకముగా చూచినది. వస్తువు మాత్రము ఒక్కటే. ప్రమాణముల సంగతియు ఇంతే. ఒకే ఆవేశమును ఒకరు కాలముతో లెక్కించిరి, ఒకరు బలముతో లెక్కించిరి, ఒకరు లోహపు తూకముతో లెక్కించిరి. పరివర్తనమనగా ఒకరి లెక్కను మరియొకరి లెక్కలోనికి అనువదించుట.

మొదటిది కాలముతో లెక్కించుట. ఒక ఆంపియర్ ప్రవాహము ఒక సెకను పారినచో ఒక కూలుంబు ఆవేశము ప్రవహించినట్లు. 1785లో ఆవేశముల మధ్య బలమును మెలితీగ త్రాసుతో కొలిచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షార్ల్ కూలుంబు పేరు దీనికి పెట్టినారు. 1881లో పారిసులో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో ఈ పేరు ఆమోదము పొందినది. అదే ప్రవాహము ఒక నిమిషము పారినచో ఒక ఆంపియర్-నిమిషము, అనగా 60 కూలుంబులు. ఒక గంట పారినచో ఒక ఆంపియర్-గంట, అనగా 3,600 కూలుంబులు. అందులో వేయవ వంతు మిల్లీఆంపియర్-గంట, అది 3.6 కూలుంబులు. మన చేతిలోని సెల్‌ఫోను బ్యాటరీపై 5,000 మిల్లీఆంపియర్-గంటలు అని ఉన్నచో, అది 5 ఆంపియర్-గంటలు, అనగా 18,000 కూలుంబులు. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ 150 ఆంపియర్-గంటలదైనచో 5,40,000 కూలుంబులు.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. ఆకాశమునుండి పడు పిడుగు మోసుకొనివచ్చు ఆవేశము సాధారణముగా కొన్ని కూలుంబుల నుండి కొన్ని పదుల కూలుంబుల వరకే ఉండును. మరి 18,000 కూలుంబుల ఫోను జేబులో నిశ్చింతగా ఎట్లున్నది? బ్యాటరీలో అంత ఆవేశము ఒకచోట పోగుపడియుండదు. ధన ఋణావేశములు సమానముగానే ఉండును. రసాయనిక చర్య వలన అంత ఆవేశము వలయములో క్రమముగా ప్రవహింపగలదని మాత్రమే దాని అర్థము. నిజముగా ఒక్కొక్క కూలుంబు గల రెండు ఆవేశములను ఒక మీటరు దూరములో నిలిపినచో వాటి మధ్య బలము సుమారు 9 × 10⁹ న్యూటనులు. అందువలన నిశ్చల విద్యుత్ లెక్కలలో కూలుంబు మరీ పెద్ద ప్రమాణము. అచ్చట మైక్రోకూలుంబు, నానోకూలుంబు వంటి చిన్న భాగములు వాడుదురు. మైక్రో అనగా పది లక్షలవ వంతు, నానో అనగా వంద కోట్లవ వంతు. ఈ రెంటిని తారుమారు చేసినచో ఫలితము వేయి రెట్లు తప్పును. కూలుంబు నియమములో రెండు ఆవేశముల లబ్ధము వచ్చును గనుక తప్పు పది లక్షల రెట్లగును.

రెండవది బలముతో లెక్కించుట. పాత పుస్తకములలోని సి.జి.యస్. పద్ధతిలో, ఒక సెంటీమీటరు దూరములో శూన్యములో నున్న రెండు సమానావేశములు ఒకదానినొకటి ఒక డైను బలముతో వికర్షించినచో, ఒక్కొక్కటి ఒక స్థిరవిద్యుత్ ప్రమాణము. దీనినే స్టాట్‌కూలుంబు అందురు. ఒక కూలుంబు సుమారు 3 × 10⁹ స్టాట్‌కూలుంబులకు సరిపోవును. మరింత సూక్ష్మముగా 2.998 × 10⁹. ఈ సంఖ్య కాంతి వేగముతో ముడిపడియున్నది. అదే సి.జి.యస్. పద్ధతిలో విద్యుదయస్కాంత ప్రమాణము మరియొకటి కలదు. దాని పేరు అబ్‌కూలుంబు; అది 10 కూలుంబులు. ఒకే పద్ధతిలో రెండు ప్రమాణములు, వాటి మధ్య 3 × 10¹⁰ రెట్ల భేదము! పాత పుస్తకములు చదువువారు ఏ ప్రమాణమో చూడక ముందునకు పోరాదు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ మిల్లికన్ ప్రయోగము. నూనె బిందువులపై ఆవేశమును కొలిచి అతడు 1913లో ఎలక్ట్రాను ఆవేశము 4.774 × 10⁻¹⁰ అని ప్రకటించినాడు. నేటి పాఠ్యపుస్తకములో ఆ విలువ 1.602 × 10⁻¹⁹ అని ఉండును. ఈ రెంటిని ప్రక్క ప్రక్కన చూచిన విద్యార్థి మిల్లికన్ ఘోరముగా తప్పినాడని అనుకొనవచ్చును. కాని మొదటిది స్టాట్‌కూలుంబులలో, రెండవది కూలుంబులలో. ఒక స్టాట్‌కూలుంబు 3.336 × 10⁻¹⁰ కూలుంబులు గనుక, గుణించి చూచినచో మిల్లికన్ విలువ 1.592 × 10⁻¹⁹ కూలుంబులగును. నేటి విలువకు తేడా వందకు 0.6 వంతు మాత్రమే. గాలి స్నిగ్ధతకు అతడు తీసికొన్న విలువలోని చిన్న దోషమే దానికి ముఖ్య కారణము. ప్రమాణము మార్చి చూచిన తరువాతనే నిజమైన దోషమెంతయో బయటపడినది.

మూడవది లోహపు తూకముతో లెక్కించుట. మైకేల్ ఫారడే 1830ల దశకములో విద్యుద్విశ్లేషణ నియమములను కనుగొన్నాడు. ఒక మోల్ ఎలక్ట్రానుల మొత్తము ఆవేశమునకు ఒక ఫారడే అని పేరు. అది 96,485 కూలుంబులు, ఆంపియర్-గంటలలో 26.8. ఒక ఫారడే ఆవేశము ప్రవహించినచో ఏకసంయోజకమైన వెండి 107.87 గ్రాములు పేరుకొనును. ద్విసంయోజకమైన రాగి, నికెలు విషయములో పరమాణుభారమును రెండుచే భాగించవలెను, రాగి 31.77 గ్రాములు, నికెలు 29.35 గ్రాములు. ఒకప్పుడు ఈ దారినే తిరుగవైచి, సెకనుకు 0.001118 గ్రాముల వెండిని పేరుకొనజేయు ప్రవాహమే ఆంపియర్ అని అంతర్జాతీయముగా నిర్వచించియుండిరి. విద్యుత్తును వెండి త్రాసులో తూచినారన్నమాట.

నేడు నిర్వచనము మారినది. 2019 మే 20 నుండి ఎలక్ట్రాను ఆవేశపు పరిమాణమును 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులుగా శాశ్వతముగా స్థిరపరచినారు. కావున ఒక కూలుంబు అనగా సుమారు 6.2415 × 10¹⁸ ఎలక్ట్రానుల ఆవేశము. ఇప్పుడు కూలుంబు అనునది ఒక విధముగా లెక్కబెట్టుటయే. డజను అనగా పండ్రెండు అన్నట్లు.

ఇన్ని ప్రమాణములు చెప్పిన తరువాత ఒక హెచ్చరిక అవసరము. ఆవేశపు ప్రమాణమును మరియొక ఆవేశపు ప్రమాణములోనికి మాత్రమే మార్చవచ్చును. ఆంపియర్-గంటను వాట్-గంటలోనికి నేరుగా మార్చుటకు వీలులేదు. వాట్-గంట శక్తికి ప్రమాణము. అచ్చట వోల్టేజి తెలియవలెను. దుకాణములో పవర్‌బ్యాంకుపై 10,000 మిల్లీఆంపియర్-గంటలు అని చూచి, 5,000 గల ఫోను రెండుమారులు నిండునని కొందరు లెక్కవేయుదురు. కాని ఆ 10,000 లోపలి ఘటము యొక్క 3.7 వోల్టుల వద్ద చెప్పిన అంకె. శక్తి 37 వాట్-గంటలు. అది 5 వోల్టులకు మారి వెలుపలికి వచ్చునపుడు, నష్టము లేకున్నను, 7,400 మిల్లీఆంపియర్-గంటలే మిగులును. ఫోను లోపలి ఘటము కూడ 3.7 వోల్టుల చుట్టుప్రక్కల పనిచేయునదే గనుక శక్తితో శక్తిని పోల్చి, మార్పిడి నష్టములను తీసివేసి చూచినపుడే న్యాయమైన లెక్క తేలును.

ఇపుడు పరివర్తనము చేయు పద్ధతి చెప్పెదము. "గుణించవలెనా, భాగించవలెనా?" అని విద్యార్థులు తరచు అడుగుచుందురు. ఈ ప్రశ్నకు కంఠస్థము అక్కరలేదు. ప్రమాణముల పేర్లను కూడ అంకెలతోబాటు వ్రాసి, భిన్నములలో వలె పైనను క్రిందను కొట్టివేయుచు పోవలెను. మన యువకుని మీటరు చూపిన 10,000 ఆంపియర్-నిమిషములను, 60 నిమిషములకు ఒక గంట అను భిన్నముతో గుణించినచో, నిమిషములు నిమిషములతో కొట్టుడుపోయి, 166.7 ఆంపియర్-గంటలు మిగులును. పొరబాటున తిరుగవైచి గుణించినచో నిమిషములు కొట్టుడుపోక వర్గమై కూర్చుండును. తప్పు తానే కనబడును. రెండవ పరీక్ష యుక్తికి సంబంధించినది. పెద్ద ప్రమాణములో చెప్పినపుడు అంకె చిన్నదగును, చిన్న ప్రమాణములో అంకె పెద్దదగును. రూపాయలలో తక్కువ, పైసలలో ఎక్కువ అయినట్లు.

ఇదంతయు ఒక చిన్న ప్రయోగములో చూడవచ్చును. గాజుపాత్రలో రాగి సల్ఫేటు ద్రావణము తీసికొని, రెండు రాగి రేకులను ముంచి, ఒక ఆంపియర్ ప్రవాహమును అరగంట పంపవలెను. ప్రవహించిన ఆవేశము 30 ఆంపియర్-నిమిషములు. దానినే 0.5 ఆంపియర్-గంట అనవచ్చును, 500 మిల్లీఆంపియర్-గంటలనవచ్చును, 1,800 కూలుంబులనవచ్చును, 180 అబ్‌కూలుంబులనవచ్చును, 0.01866 ఫారడే అనవచ్చును, సుమారు 5.4 × 10¹² స్టాట్‌కూలుంబులనవచ్చును, 1.12 × 10²² ఎలక్ట్రానుల ఆవేశమనవచ్చును. అంకెలు చూచినచో ఒకదానికొకటి పోలికయే లేదు. కాని ఋణధ్రువపు రేకును కడిగి, ఆరబెట్టి, తూచినచో పెరిగిన బరువు అన్నివిధముల ఒక్కటే: సుమారు 0.593 గ్రాము. మనము ఏ పేరుతో పిలిచినను, పేరుకొన్న రాగి మారదు. ప్రమాణములు మనవి, ఆవేశము ప్రకృతిది.

ఈ లెక్క పాశమైలారము తొట్టికిని వర్తించును. 1,000 ఆంపియర్-గంటలనగా 36 లక్షల కూలుంబులు, సుమారు 37.3 ఫారడేలు. దానికి పేరుకొనవలసిన నికెలు సుమారు 1.1 కిలో. వాస్తవములో కొంత ఆవేశము హైడ్రోజను విడుదలకు ఖర్చగును గనుక కొంచెము తగ్గును. ఆ దినమున ఎవరైనను తయారైన వస్తువులను తూచి చూచియున్నచో, 10,000 ఆంపియర్-గంటలకు రావలసిన 11 కిలోల నికెలు ఇరువది నిమిషములలో రాలేదని వెంటనే తెలిసియుండెడిది. త్రాసు అబద్ధమాడదు.

ఈ తప్పు వలన నష్టము ఒక దినపు పనితోను, ఒక యువకుని జీతముతోను ముగియునది కాదు. తొట్టిలో అధికముగా పోసినది ఏదియైనను తుదకు వ్యర్థజలముగా వెలుపలికి రావలసినదే. దానిని శుద్ధిచేయుటకు మరల ఖర్చు, మరల జాగ్రత్త. ఈ ప్రాంతపు వ్యర్థజలముల కథ మనకు క్రొత్త కాదు. పటాన్‌చెరు, బొల్లారము పరిసరములలోని కాలుష్యమును గూర్చి 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. నక్కవాగు నీరు పోయి మంజీరలో కలియును. తొట్టి వద్ద నిలిచిన మనిషి ఒక ప్రమాణమును సరిగా చదువుట, వాగు క్రింద నున్న రైతునకు కూడ సంబంధించిన విషయమే.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి. మన ప్రయోగశాలలో ఒక రాగి వోల్టామీటరు, ఆంపియర్-గంటలను చూపు మీటరు ఒకటి, ఆంపియర్-నిమిషములను చూపు మీటరు ఒకటి, మిల్లీగ్రాములు చూపు త్రాసు ఒకటి ఏర్పాటు చేసినచో చాలును. రెండు మీటర్లను ఒకే వలయములో కలిపి, రెండు వేర్వేరు అంకెలను విద్యార్థి తన కంటితో చూచి, రేకును తన చేతితో తూచినపుడు, నల్లబల్లపై ఏడాది చెప్పినను రాని జ్ఞానము ఒక్క మధ్యాహ్నములో వచ్చును. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముగా స్థాపింపబడినపుడును, 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినపుడును, పెద్దలు శాస్త్రమును మన భాషలలోనికి తెచ్చుటకు శ్రమపడినారు. ఆ శాస్త్రమును మన పిల్లల చేతులలోనికి తెచ్చుట మన వంతు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఏ అంకెను చూచినను దాని ప్రక్కన ఏ ప్రమాణమున్నదో చూడుడు. ప్రమాణము లేని జవాబును మేము ఇకమీదట సగము మార్కులకు కూడ అంగీకరింపము. ఇది కాఠిన్యము కాదు. ఆ యువకుడు అడిగిన ప్రశ్నకు మేము ఇచ్చుకొనుచున్న సమాధానము. అతడు ఇప్పుడును ఆ కార్ఖానాలోనే పనిచేయుచున్నాడు. మీటరు అద్దముపై కాగితము అంటించి, దానిపై ఉర్దూలోను తెలుగులోను పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టినాడు: "ఇవి నిమిషాలు. అరవైతో భాగించు."